లిపి మారితే అర్థం: నల్లగొండ, పాలమూరు ఇంటిపేర్లు – జపాన్ కంజి నామాలతో ఒక తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు ఇంటిపేర్ల మీద ఇంతవరకు జరిగిన పరిశోధన చాలావరకు వ్యుత్పత్తిని ఆధారం చేసుకొని నడిచింది. పేరు ఊరి నుండి వచ్చిందా, చెట్టు నుండి వచ్చిందా, కులవృత్తి నుండి వచ్చిందా, పూర్వీకుడొకని దేహలక్షణం నుండి వచ్చిందా అని విభజించి చూడటం ఈ పద్ధతిలోని ప్రధానాంశం. తేళ్ల సత్యవతి ‘తెలుగువారి ఇంటిపేర్లు’, ఊరిపేర్ల విషయంలో కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’, ఉభయ రంగాల్లోనూ యార్లగడ్డ బాలగంగాధరరావు చేసిన కృషి ఈ మార్గానికి పునాదులు. ఈ పునాదుల విలువను ఎవరూ కాదనలేరు. అయితే ఈ మార్గం మొత్తం మీద ఒక విషయాన్ని చర్చకు పెట్టకుండానే అంగీకరించింది. పేరు అంటే నోట పలికే మాట, రాత దానికి కేవలం నీడ అన్నదే ఆ అంగీకారం. తెలుగు లిపి పలికినది పలికినట్లు రాసే లిపి కనుక రాతకు అర్థనిర్ణయంలో పాత్ర లేదన్న భావన దీని వెనుక ఉంది.

దక్షిణ తెలంగాణ మెట్టసీమలైన పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇంటిపేర్లు ఈ భావనకు లొంగవు. ఇక్కడి కుటుంబనామం కనీసం మూడు లిపులలో బతికింది. ఇంట్లో, బడిలో తెలుగు. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో ఉర్దూ. ఆ తరువాతి కాలపు ధ్రువపత్రాల్లో, ఉద్యోగపు దస్త్రాల్లో రోమన్. ఒక లిపి నుండి మరొక లిపిలోకి దాటిన ప్రతిసారీ పేరు కొంత అర్థాన్ని వదులుకుంది. కొన్ని సందర్భాల్లో తనది కాని అర్థాన్ని తెచ్చుకుంది కూడా. రాతే అర్థాన్ని నిర్ణయించే సంప్రదాయం ఒకటి జపాన్‌లో ఉంది. దానితో పోల్చి చూస్తే ఇక్కడి పరిస్థితి మరింత స్పష్టమవుతుంది.

కంజి నేర్పే సంగతి

జపాన్‌లో సామాన్య ప్రజలకు కుటుంబనామం బహిరంగంగా వాడుకునే అనుమతి 1870లో వచ్చింది. 1875లో ప్రతి ఒక్కరికీ అది తప్పనిసరి అయింది. అంతకుముందు ఎదో పాలనాకాలంలో ఆ హక్కు ప్రధానంగా సమురాయి వర్గానికి, ప్రత్యేక అనుమతి పొందినవారికి పరిమితం. పేర్లను అక్కడ కంజి అనే భావలిపిలో రాస్తారు. ఒక్కో అక్షరానికి శబ్దంతో పాటు స్వంత అర్థం ఉంటుంది. అందువల్ల ఒకే శబ్దం వేర్వేరు అక్షరాలతో వేర్వేరు పేర్లవుతుంది.

‘ఇతో’ అన్న పేరు ఇందుకు మంచి ఉదాహరణ. ఒక విధంగా రాస్తే అందులోని రెండవ అక్షరం ఫుజి అనే లత. అది ఫుజివర వంశాన్ని సూచించి, ఇసె సీమతో ముడిపడిన ఫుజివర శాఖను స్ఫురింపజేస్తుంది. మరొక విధంగా రాస్తే రెండవ అక్షరం తూర్పు దిక్కు. ఆ పేరు ఇజు ద్వీపకల్పంలోని ఇతో అనే ఊరిది. చెవికి రెండూ ఒకటే. ‘సైతో’ కథ ఇంకా ఆసక్తికరం. ఆ పేరులోని మొదటి అక్షరం నియమనిష్ఠలను, దైవకార్యానికి ముందు పాటించే శుచిని తెలిపేది. ఇసె క్షేత్రంలో దైవసేవకు నియుక్తమైన రాజకుమారి కొలువుకు అధికారిగా పనిచేసిన ఫుజివర వంశీకునితో ఆ పేరును ముడిపెడతారు. కాలక్రమంలో చాలా కుటుంబాలు దానికి బదులుగా చూపుకు దగ్గరగా ఉండే, గీతలు తక్కువైన మరో అక్షరం రాయసాగాయి. ఆ అక్షరానికి ‘సమానం’ అని అర్థం. రాయసగాని సౌకర్యం ఒక వంశస్మృతిని చెరిపివేసిందన్నమాట.

దీనికి మరో పార్శ్వం ఉంది. జపాన్ కుటుంబ రిజిస్టరు అయిన కోసెకిలో చిరకాలం అక్షరాలే నమోదయ్యాయి తప్ప ఉచ్చారణ నమోదు కాలేదు. ఒకే అక్షరాల జంటను ఒక కుటుంబం ‘కోనో’ అనీ మరొక కుటుంబం ‘కవానో’ అనీ పలుకుతుంది. సవరించిన చట్టం 2025 మే 26న అమలులోకి వచ్చిన తరువాత గాని పలుకుబడి రిజిస్టరులో భాగం కాలేదు. అక్కడ అర్థం భద్రం, ధ్వని అనిశ్చితం. తెలంగాణ దస్త్రాలలో ఇందుకు తలకిందులైన స్థితి ఉంటుందని ఎవరైనా ఆశిస్తారు, ధ్వని భద్రంగానూ అర్థం దాన్ని అనుసరించీ ఉంటుందని. వాస్తవంలో ఇక్కడ ధ్వని కూడా భద్రం కాలేదు.

మూడు లిపుల జల్లెడ

హైదరాబాదు రాజ్యంలో 1880ల మధ్య పారసీ స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. సేత్వారు, పహాణీ వంటి భూమి పత్రాలలో రైతు పేరు ఆ లిపిలోనే కూర్చుంది. ఉర్దూ లిపికి ఒక స్వభావం ఉంది. సాధారణ రాతలో అది హ్రస్వాచ్చులను వదిలేస్తుంది. ద్విత్వాన్ని చూపే గుర్తు ఉన్నా, రాసే చెయ్యి దాన్ని తరచు విస్మరిస్తుంది. ‘వావ్’ అనే ఒక్క అక్షరమే వకారానికీ, ఊ, ఒ, ఓ లకూ పని చేస్తుంది. అంటే ‘కొండ’ ఇంటివారూ ‘కుండ’ ఇంటివారూ ఆ కాగితం మీద ఒకే రూపంలో కనిపించే అవకాశం ఉంది. ఒకరిది గుట్ట, మరొకరిది కుమ్మరి వాము. లిపి ఆ రెంటినీ కలిపేసింది. కానీ అదే ఉర్దూ దంత్య దకారాన్నీ మూర్ధన్య డకారాన్నీ వేర్వేరు అక్షరాలతో ఖచ్చితంగా రాస్తుంది. త, ట ల విషయమూ అంతే. ‘గద్ద’, ‘గడ్డ’ అక్కడ ఎన్నడూ ఒకటి కావు.

రోమన్ లిపి చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. అది ఉకార ఒకారాలను వేరుచేసి కొండను కొండగా, కుండను కుండగా నిలుపుతుంది. కానీ జి, ఎ, డి, డి, ఎ అని రాసినప్పుడు ఆకాశంలో తిరిగే గద్ద, నేల మీది మట్టిగడ్డ ఒకటే. ‘కట్ట’ చెరువు కట్టో కాదో, ‘బండి’ బండో బందో అందులో తేలదు. హ్రస్వదీర్ఘాలకు అందులో దిక్కు లేదు. ళకార ణకారాలు రెండు లిపులలోనూ లేవు. అవి రెండు చోట్లా నష్టపోయాయి.

ఈ వైపరీత్యం పరిశోధకునికి ఒక సాధనం కూడా అవుతుంది. ఒక లిపి దాచినదాన్ని మరొకటి బయటపెడుతుంది కనుక, ఒకే కుటుంబానికి చెందిన పాత ఉర్దూ పత్రాన్నీ తరువాతి ఇంగ్లీషు పత్రాన్నీ ఎదురెదురుగా పెట్టుకొని చదివితే అచ్చును ఒకదాని నుండి, హల్లును మరొకదాని నుండి రాబట్టవచ్చు. ఇంటిపేర్ల మీద పనిచేసే పరిశోధనలలో ఈ పద్ధతికి దక్కవలసిన స్థానం దక్కలేదు. ఓటర్ల జాబితాలోనో, కళాశాల ప్రవేశపు రిజిస్టరులోనో కనిపించిన రూపాన్ని మూలరూపంగా స్వీకరించి, దానికి నిఘంటువులో అర్థం వెతికి, వర్గీకరణ పట్టికలో ఒక గడి నింపడం పరిపాటి అయింది. జల్లెడలో మిగిలిన దాన్ని ధాన్యం మొత్తమని కొలిచినట్లుంటుంది ఆ పని.

పైగా, రోమన్ నుండి తిరిగి తెలుగులోకి వచ్చేటప్పుడు మరో చిక్కు ఉంది. ‘పల్ల’ అన్న రోమన్ రూపాన్ని చూసిన కోస్తా చదువరికి అది ‘పళ్ల’ కావచ్చుననే ఊహ సహజంగా తడుతుంది. నల్లగొండ నోటికి ఆ అనుమానమే రాదు. ఇక్కడ పళ్లు కాదు, పండ్లు. కళ్లు కాదు, కండ్లు. ఇళ్లు కాదు, ఇండ్లు. బహువచనంలో డకారాన్ని నిలుపుకున్న ఈ మాండలికంలో పండ్లకు సంబంధించిన ఇంటిపేరు ఏదైనా ఉంటే అది ‘పండ్ల’ అనే ఉంటుంది. కనుక ఆ గందరగోళం మాటది కాదు, ప్రాంతపు పలుకుబడి తెలియని పునర్లేఖనానిది. ‘గుండ్ల’ అన్న రూపం గుండ్లు, అంటే పెద్ద బండరాళ్లు, అన్న అర్థాన్ని చెక్కుచెదరకుండా చూపగలగడానికీ ఈ మాండలికమే కారణం. రాళ్ల సీమకు ఆ పేరు ఎంత సహజమో చెప్పనవసరం లేదు.

రావి, రవి, రావీ

నల్లగొండ చరిత్రలో లిపి చేసిన మాయకు అతి స్పష్టమైన ఉదాహరణ రావి నారాయణరెడ్డి పేరు. బొల్లేపల్లిలో పుట్టి, 1944లో భువనగిరి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించి, 1952 తొలి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ నుండి దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు గెలిచిన ఆయన ఇంటిపేరు ఒక చెట్టు. ఊరి నడుమ రచ్చకట్టను ఆవరించుకొని ఉండే రావి. తెలుగులో దీర్ఘం ఉన్నంత వరకు ఆ చెట్టు కదలదు.

రోమన్‌లో రాసిన మరుక్షణం ఆ చెట్టు సూర్యుడవుతుంది. ఇంగ్లీషు పుస్తకాలలో ఆయన పేరు చూసిన తెలుగేతర పాఠకుడు మొదటి మాటను ‘రవి’గానే చదువుతాడు. అది వ్యక్తినామమనీ, ‘రెడ్డి’యే కుటుంబనామమనీ అనుకుంటాడు. సూచికలలో పేరు ఎక్కడ చేరుతుందన్నది కూడా ఈ చదువు మీదే ఆధారపడుతుంది. ఇక ఉర్దూలో ఆ పేరు దీర్ఘంతోనే నిలుస్తుంది గాని, అక్కడ ‘రావీ’ అంటే కథకుడు, ఒక వృత్తాంతాన్ని పరంపరగా చెప్పేవాడు. పంజాబులోని నది పేరు కూడా అదే రాత. ఒకే మనిషి మూడు లిపులలో చెట్టుగా, సూర్యునిగా, కథకునిగా కనిపించాడు. జపాన్‌వాడు అక్షరం ఎంచుకొని చేసే పనిని ఇక్కడ ఎవరూ ఎంచుకోకుండానే పాలనావ్యవస్థ చేసింది. రెండు సందర్భాలకూ మధ్య ఉన్న అసలు తేడా ఇదే: అక్కడి కుటుంబం అక్షరానికి కర్త కాగలిగింది, ఇక్కడి కుటుంబం అక్షరానికి కర్మ అయింది.

ఉర్దూ రాత అన్ని పేర్లకూ పరాయిదేనని అనుకోవడం కూడా పొరపాటు. 1922లో నల్లగొండ నుండి ‘నీలగిరి’ పత్రికను నడిపిన షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ఇంటిపేరు పుట్టుకతోనే పారసీ. ‘షబ్’ అంటే రాత్రి, ‘నవీస్’ అంటే రాసేవాడు. కొలువులో ఒక రాయసపు పని కుటుంబానికి పేరై నిలిచింది. ఈ పేరు అర్థం పారసీ లిపిలోనే పారదర్శకం. తెలుగులో ‘షబ్నవీసు’ అని రాస్తే అర్థం మూసుకుపోతుంది. కొందరి చేతిలో ‘శబ్నవీసు’ అయినప్పుడు మొదటి అక్షరాలు ‘శబ్దం’ వైపు లాగుతాయి, అంటే లేని సంస్కృతం వాసన వేస్తుంది. తెలుగు పత్రిక కోసం పాటుపడిన మనిషి పేరు తెలుగు లిపిలో మూగపోయి, తాను ఎదిరించిన పాలనాభాష లిపిలో మాట్లాడటం చరిత్ర చేసిన చిన్న పరిహాసం. ఆయన తన పత్రికకు పెట్టిన పేరూ గమనించదగ్గదే. నల్లగొండను సంస్కృతీకరిస్తే నీలగిరి. ఇక ‘నల్గొండ’ అన్న మూడో రూపంలో ఒక లకారం, ఒక అకారం ఎగిరిపోయి ‘నల్ల’ అన్న విశేషణమే చెదిరింది. అచ్చును మింగే స్థానిక పలుకుబడికి అచ్చును రాయని ఉర్దూ లిపి తోడైతే ఇటువంటి రూపం స్థిరపడటం సులభం.

భువనగిరి కూడా ఇటువంటిదే. పశ్చిమ చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యునితో ముడిపెట్టే ఈ దుర్గం పేరు పాలనాపత్రాలలో ‘భోంగీర్’ అయింది. ఇంటిపేర్లలో భువనగిరి, భోనగిరి అనే రెండు రూపాలూ ఉన్నాయి. మొదటి రూపం శాసనాల సంస్కృతాన్ని స్ఫురింపజేస్తే, రెండవది ఆ ఊరి సంతలో వినిపించే నోటిమాటకు దగ్గర. వీటిని రెండు వేర్వేరు ఇంటిపేర్లుగా లెక్కించాలా, ఒకటిగానా అన్నది వర్గీకరణకర్తలు తప్పించుకోలేని ప్రశ్న.

తెలుగు లిపి కూడా నిర్దోషి కాదు

అన్యాయమంతా పరలిపులదేనని చెప్పడం తేలిక. కానీ తెలుగు రాత సైతం తన వంతు చేసింది. శకటరేఫ నిష్క్రమణ ఇందులో మొదటిది. పాత తెలుగులో ‘ఏఱు’ అంటే ప్రవాహం. ‘ఏరు’ అంటే ఎడ్లు పూన్చిన నాగలి. ఇంటిపేరు ‘ఏరు’తో మొదలైతే ఆ కుటుంబం నీటి ఒడ్డుదా, దున్నే వృత్తిదా? శకటరేఫ ఉన్న కాలంలో ఈ ప్రశ్నకు కాగితమే జవాబు చెప్పేది. ఆధునిక ముద్రణ రెండు రేఫలను కలిపివేసి లిపిని సరళం చేసింది. ఆ సరళతకు ఇంటిపేర్లు మూల్యం చెల్లించాయి. జపాన్ ‘సైతో’లో గీతలు తక్కువైన అక్షరం చేసిన పనీ ఇదే.

శకటరేఫ పోయినా నష్టపోని పేర్లూ ఉన్నాయి. పిల్లలమఱ్ఱి అలాంటిది. పాలమూరులో అది ఊడలు దిగి విస్తరించిన మహావృక్షం. సూర్యాపేట దగ్గర అది రేచెర్ల ప్రభువుల శాసనాలు, ఆలయాలు ఉన్న ఊరు. సాహిత్యంలో అది పినవీరభద్రుని ఇంటిపేరు, దాన్ని సూర్యాపేట ప్రాంతపు ఊరితో ముడిపెట్టడం పరిపాటి. సాదు రేఫతో రాసినా మర్రి మర్రిగానే ఉంటుంది, దాన్ని మింగగల మరో మాట ఎదురుగా లేదు కనుక. లిపిలో భేదం పోవడం ఒక్కటే అర్థనాశనానికి చాలదనీ, పోటీకి నిలిచే మరొక మాట కూడా ఉండాలనీ దీనివల్ల తెలుస్తోంది.

అసలు కొన్ని పేర్ల విషయంలో ఏ ధ్వనిలిపీ సాయపడదు. ‘తాళ్ల’ అన్న ఇంటిపేరు తీసుకుంటే, తాడు అంటే తాటిచెట్టు, తాడు అంటే పగ్గం. రెండింటి బహువచనమూ తాళ్లే. కల్లుగీత బతుకుతెరువైన నల్లగొండ పల్లెల్లో ఆ పేరు చెట్టుదే అయి ఉండటానికి అవకాశం ఎక్కువ. ‘తాళ్లపల్లి’ వంటి సమాసంలోకి వచ్చేసరికి సందేహం దాదాపు పోతుంది. విడిగా ఉన్నప్పుడు మాత్రం తెలుగు రాత నోరు విప్పదు. ‘చింత’ కూడా అంతే. దేశ్యపదమైన చింతచెట్టు, సంస్కృతపదమైన చింత ఒకే అక్షరాలతో వస్తాయి. ‘చింతల’ అని ఔపవిభక్తిక బహువచనంలో ఉన్న ఇంటిపేరును విన్న పట్నపు చెవికి బాధలు గుర్తొస్తాయి. ఊరివాడికి చెరువు కట్ట మీది చెట్ల వరుస గుర్తొస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి ఇంటిపేరులోని ‘వట్టి’ ఖాళీ అన్న అర్థంలోనిదా, వట్టివేరులోని సుగంధపు గడ్డిదా అన్నది రాత చూసి చెప్పలేము. భావలిపి అయితే ఈ మూడు చోట్లా ఏదో ఒక అక్షరం ఎంచుకోక తప్పదు. తెలుగు లిపి ఎంచుకోమని అడగదు. దానివల్ల పేరు సందిగ్ధంగా ఉండిపోతుంది, కానీ ఆ సందిగ్ధతలోనే రెండర్థాలూ బతికి ఉంటాయి. దీన్ని లోపమని కొట్టిపారేయడం తగదు.

ఇంటిపేరు చివరి అచ్చును దీర్ఘం చేసే అలవాటు మరో విధమైన లేఖనవ్యూహం. కొండ ‘కొండా’ అయింది, నల్ల ‘నల్లా’ అయింది. కొండా వెంకట రంగారెడ్డి పేరులోని ఆ దీర్ఘం ఒక సామాన్యనామాన్ని సంజ్ఞానామంగా మార్చే గుర్తు. దానితో ఆ మాట గుట్టను వదిలి వంశాన్ని చూపుతుంది. దీన్ని ఉర్దూ ప్రభావంగా చెప్పేయాలన్న ఉత్సాహం కలగవచ్చు. అది తొందరపాటు. ఉర్దూ ఏలుబడి అంతగా సోకని కోస్తాలోనూ చల్లా, కొల్లా వంటి రూపాలున్నాయి. అయితే ఉర్దూ వాడుకలో ‘నల్లా’ అంటే నీటి కొళాయి కావడం వల్ల హైదరాబాదు ప్రాంతపు శ్రోతకు ఆ ఇంటిపేరులో కొత్త ధ్వని వినిపిస్తుందన్నది కాదనలేనిది. ఇక ‘గోనె’ను రోమన్‌లో రాసినప్పుడు ఇంగ్లీషు పాఠకుడు దాన్ని ‘వెళ్లిపోయిన’ అన్న క్రియారూపంగా చదవడం హాస్యానికి పనికొచ్చే ఉదాహరణ మాత్రమే.

ఆ గోన వంశం నుండే మరొక గంభీరమైన సమస్య వస్తుంది. రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి వంశానికి స్థానమైన వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూలు ప్రాంతంలోని నంది వడ్డెమాన్. ‘వర్ధమాన’ అని రాస్తే జైన తీర్థంకరుడు, ఈ సీమలోని జైన చరిత్ర కళ్లముందు నిలుస్తాయి. ‘వడ్డెమాను’ అని రాస్తే జనవ్యుత్పత్తికి దారి తెరుచుకుంటుంది. మాను అంటే చెట్టు, వడ్డె అంటే రాయి కొట్టే కులం. ధ్వనిపరిణామ సూత్రాల ప్రకారం రెండవది మొదటి దాని వికృతి కావడం సహజం. అయినా ఆ ఊరి నుండి ఇంటిపేరు తెచ్చుకున్న కుటుంబం ఏ రూపం రాసుకుంటే ఆ గతాన్నే వారసత్వంగా చెప్పుకుంటుంది.

పేరు మార్చుకున్నవారు, మార్చబడినవారు

ఇంతవరకు చెప్పినది లిపి తనంతట తాను చేసిన మార్పు. మనుషులు తెలిసి చేసిన మార్పులు ఈ సీమలో ఇంకొక అధ్యాయం. బూర్గుల రామకృష్ణారావు వంశం అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ ప్రాంతంలోని స్వగ్రామం పేరు దాని స్థానంలో నిలిచింది. ‘బూరుగుల’ అన్న వ్యాకరణరూపం కాక, మధ్య అచ్చు లోపించిన ‘బూర్గుల’ స్థిరపడటం వల్ల బూరుగుచెట్టు కొంత మరుగున పడినా, పాలమూరు పలుకుబడి మాత్రం ఆ పేరులో శాశ్వతంగా నమోదైంది. ముఖ్యమంత్రి పదవి దాకా వెళ్లిన పేరులో మాండలికం సవరణకు గురికాకుండా నిలవడం విశేషమే. ఊరిపేర్లను ప్రామాణికం చేసేవారు ఈ అచ్చును తిరిగి చేర్చాలని ఉబలాటపడకపోవడం మంచిదైంది.

సుద్దాల హనుమంతు విషయం దీనికంటే లోతైనది. పాలడుగులో పద్మశాలి కుటుంబంలో పుట్టిన ఆయన ఇంటిపేరు గుర్రం. సుద్దాల ఆయన స్థిరపడిన ఊరు. తెలంగాణ సాయుధపోరాట కాలంలో గొల్లసుద్దుల రూపాన్ని ప్రజాకళగా మలచిన ఆయనకు ఆ ఊరిపేరే ఇంటిపేరు కావడంలో ఒక అనుకోని పొందిక ఉంది. ‘సుద్ద’ తెల్లని మట్టి. ‘సుద్ది’ కథ, వార్త, మంచిమాట. ఊరికి పేరు మట్టి వల్ల వచ్చిందనుకున్నా, కవి పేరులో అది పాటగా వినిపిస్తుంది. జపాన్‌లో శబ్దం కోసం అక్షరాన్ని ఎరువు తెచ్చుకొని, ఆ అక్షరం ద్వారా కొత్త శుభార్థాన్ని పేరులోకి ఆహ్వానించే ‘అతెజి’ అనే పద్ధతి ఉంది. సుద్దాలలో జరిగినది అక్షరం మారకుండానే జరిగిన అతెజి. ఇదే పేరును శిష్టరూపం పేరిట ఎవరైనా మహాప్రాణం పెట్టి ‘శుద్ధాల’ అని దిద్దితే మట్టీ పోతుంది, పాటా పోతుంది. శుచి ఒక్కటే మిగులుతుంది. పల్లెపేర్ల మీద సంస్కృతాక్షరాలు రుద్దే దిద్దుబాటును భాషాసంస్కారంగా భావించే ధోరణి విద్యాలయాలలో ఇంకా ఉంది. అది సంస్కారం కాదు, ఆధారాల ధ్వంసం.

శ్రమతో, పశుపాలనతో ముడిపడిన ఇంటిపేర్ల విషయంలో ఈ దిద్దుబాటుకు సామాజిక కారణం ఉంది. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య ఇంటిపేరు పశువుల, గొర్రెల దొడ్డి. కురుమ కుటుంబానికి అది వృత్తిస్మృతి. పట్నపు వాడుకలో ‘దొడ్డి’కి మరుగుదొడ్డి అర్థం బలపడిన తరువాత ఇటువంటి పేరు బడిలో వెక్కిరింతకు గురయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు పొడి అక్షరం ఆశ్రయమవుతుంది. ఇంటిపేరును ఒక్క ఇంగ్లీషు అక్షరంగా కుదించి ముందు పెట్టుకోవడం సౌకర్యం కోసం పుట్టిన అలవాటే అయినా, మేకల, గొర్రెల, పిట్టల వంటి పేర్లవారికి అది ముసుగు కూడా. పొడి అక్షరంలో అర్థం సున్న. రావి, రేచెర్ల, రాచకొండ మూడూ అక్కడ ఒకే గీత. ఇంటిపేరు సిగ్గుపడవలసినది కాదని చెప్పడం తేలిక. హాజరుపట్టీలో ఆ పేరు పిలిచిన ప్రతిసారీ నవ్వు వినవలసిన పిల్లవాని వైపు నుండి చూస్తే ఆ పొడి అక్షరాన్ని తప్పుపట్టడం కష్టం.

ఇక ఇంటిపేరే దక్కనివారి సంగతి. జపాన్‌లో సమురాయికి ఉండి సామాన్యునికి లేని ఆ హక్కు 1875లో చట్టం ద్వారా అందరిదీ అయింది. తెలంగాణలో శ్రామికకులాలకు ఇంటిపేర్లు ఉండనే ఉన్నాయి, పెళ్లిళ్లు కుదుర్చుకునేటప్పుడు వాటిని చూసుకుంటారు కూడా. లేనిది వాటిని పలికే అలవాటు. దొరగడీలో, పోలీసు కాగితంలో, తరువాత చరిత్ర పుస్తకంలో కులం పేరే వ్యక్తిపేరు ముందు నిలిచింది. బందగి, కొమరయ్యల తరువాత పోరాటస్మృతిలో అంతగా నిలిచిన ఐలమ్మ అత్తవారి ఇంటిపేరు చిట్యాల. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను, భూమిని కాపాడుకున్న ఆమెను లోకం చాకలి ఐలమ్మగానే ఎరుగును. కులనామాన్ని ఆత్మగౌరవ చిహ్నంగా నిలబెట్టినవారి వాదనకు బలం ఉంది. ‘చాకలి’ అన్న మాట లేకుండా ఆ పోరాటంలోని వర్గస్వభావం పూర్తిగా తెలియదన్నది నిజం. అయినా రావి, ఆరుట్ల, భీమిరెడ్డి అన్న ఇంటిపేర్లతోనే పుస్తకాలకెక్కిన నాయకుల సరసన ఆమె ఒక్కతే కులనామంతో నిలవడాన్ని యాదృచ్ఛికంగా తీసుకోలేము.

ఆమె వ్యక్తినామం సైతం లిపి చేతిలో రెండుగా చీలింది. తెలుగులో ఐలమ్మ, ఐలయ్య, ఐలమ్మ వంటి పేర్లను ఐలోని మల్లన్నతో ముడిపెట్టి చెబుతారు. రోమన్‌లో ఆ ఐకారం ఒక్క ‘ఐ’ అక్షరంగా మారి, పరభాషీయుని నోట ‘ఇలమ్మ’ అవుతుంది. ‘ఇల’ సంస్కృతంలో భూమి. నేల కోసం పోరాడిన స్త్రీకి అది తగిన పేరేనని ఎవరైనా సంతోషించవచ్చు గాని, గొర్రెలకాపరుల దేవుడైన మల్లన్న ఆ రాతలో కనిపించడు. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. అధికారిక తెలుగు రూపంలో ‘చాకలి ఐలమ్మ’ అని ఉంది, రోమన్ రూపంలో ఆమె పేరు ‘ఐ’ అన్న అక్షరంతోనే మొదలవుతుంది. చిట్యాల అన్న ఇంటిపేరు ఈ రెండింటిలోనూ లేదు.